నీ నింటెండో పొట్టలో సోనీ పేరుంది

ఒరేయ్ ప్లంబరూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయకపోవడం నా తప్పే, ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా: అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చెల్లికి ఉద్యోగం వచ్చింది, నేను అదే సెక్షన్‌లో అదే కుర్చీలో ఉన్నాను. మిగతావి తర్వాత. ఇవాళ రాయడానికి కూర్చున్నది వేరే దానికి.

నీ ఆటల పెట్టెని, అదే ఆ సూపర్ నింటెండోని, విప్పాను.

ఆగు, అరవకు! బాగైపోయింది. ముందు జరిగింది విను. పోయిన వారం పెట్టి చూస్తే బొమ్మ వస్తోంది, శబ్దం లేదు. మారియో మూగగా గెంతుతున్నాడు. నువ్వు నా చేతిలో పెట్టి వెళ్ళిన వస్తువు, నా దగ్గర చెడిపోయిందంటే నీకు మొహం ఎలా చూపించను? అడుగు మరలు మామూలు స్క్రూడ్రైవర్‌కి లొంగవు. 4.5 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి. అది చేతికొచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. మూత తీస్తే, పైన నువ్వు "పసుపు పెట్టె" అని మురిసిపోయే ఆ ప్లాస్టిక్, లోపలివైపు మాత్రం తెచ్చిన రోజులాగే బూడిద రంగులో ఉందిరా. కాసేపు అదే చూస్తూ కూర్చున్నా.

బోర్డు మీద ఒక పక్కన రేకు డబ్బా ఒకటి ఉంది. శబ్దం పనంతా దాంట్లోనే. మెల్లగా పైకి లాగి, రేకు మూత లేపి, టార్చి వేసి చూశాను. నల్లటి చిప్పు, దాని మీద సన్నటి అక్షరాలు. నింటెండో అని ఉంది. సరే. ఆ పక్కనే ఇంకో పేరు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. సోనీ!

గుర్తుందా, మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, నువ్వన్న మాట? "సోనీ అంటే టేప్ రికార్డర్ల కంపెనీ, దానికి ఆటలతో ఏం పని?" ఆ ఒక్క మాటకి మనం పదకొండు రోజులు మాట్లాడుకోలేదు. మధ్యలో మన సెగా కంపెనీ పిచ్చోడు, ముళ్ళపంది గాడు, పాపం, ఇద్దరి చీటీలూ మోశాడు. నువ్వు ఆ మాట అంటున్నప్పుడు కూడా మీ ఇంట్లో నీ మారియో పాట పాడుతున్నది సోనీ చిప్పేరా!

దాన్ని గీసినాయన పేరు కెన్ కుతరాగి. సోనీలో ఇంజనీరు. పాత నింటెండో శబ్దం బాగాలేదని ఆయనకి అనిపించి, మొదట్లో పైవాళ్ళకి తెలియకుండా మొదలుపెట్టాడు పని. తెలిశాక ఉద్యోగం ఊడాల్సిందే గానీ, సోనీ అధ్యక్షుడు నొరియో ఓగా అడ్డం నిలబడ్డాడు. ఆ చిప్పు బాగా కుదిరింది కాబట్టే 1988 లో రెండు కంపెనీలూ ఇంకో అడుగు వేశాయి: సూపర్ నింటెండోకి తగిలించే సీడీ డ్రైవ్ సోనీ చేయాలి. దాంతోపాటు సీడీలూ, క్యాట్రిడ్జ్‌లూ (అదే, గుచ్చే ఆటల క్యాసెట్లు) రెండూ ఆడే పెట్టె ఒకటి సోనీ తన పేరుతోనే అమ్ముకోవచ్చు. ఆ పెట్టెకి పెట్టుకున్న పేరు చెప్పనా? ప్లే స్టేషన్. అవును, ఆ పేరే! నా ప్లేస్టేషన్ పుట్టాల్సింది మీ ఇంట్లోరా.

1991 జూన్, చికాగోలో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన. సోనీ వాళ్ళు వేదికెక్కి ఆ పెట్టెని ప్రపంచానికి చూపించారు. మర్నాడే నింటెండో అదే ప్రదర్శనలో మైకు పట్టుకుని, మేం సీడీ పని ఫిలిప్స్‌తో చేస్తున్నాం అని ప్రకటించింది. పెళ్ళిపందిట్లో పీటల మీంచి లేచి ఇంకొకరి చెయ్యి పట్టుకున్నట్టు! ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. నీ మీద కూడా కోపం వచ్చింది, నువ్వేం చేశావని రా, అయినా వచ్చింది.

రెండు రోజులు పోయాక ఇంకాస్త చదివాను. ఒప్పందం ప్రకారం సీడీ మీద వచ్చే ఆటల పెత్తనమంతా సోనీ చేతిలో ఉండేదట. నింటెండో బతికేదే ఆటల మీద. ఆ తాళంచెవి ఇచ్చేస్తే ఇంకేం మిగులుతుంది? నింటెండో అధ్యక్షుడు యమౌచికి అది తెలిసొచ్చింది. కాబట్టి భయపడటంలో తప్పు లేదు. కానీ ఆ చెప్పిన పద్ధతి మాత్రం, నువ్వెన్ని చెప్పు, తప్పే. ఈ ముక్క దగ్గర నేను తగ్గను, కావాలంటే ఇంకో పదకొండు రోజులు.

ఓగా ఆ అవమానాన్ని మింగలేదు. మన పెట్టె మనమే చేద్దాం అని కుతరాగి పట్టుబట్టాడు, ఓగా సరేనన్నాడు. 1994 డిసెంబర్ 3 న జపాన్‌లో ప్లేస్టేషన్ వచ్చింది. మొత్తం పది కోట్లకు పైగా అమ్ముడుపోయింది. నీ నింటెండో తర్వాతి పెట్టె నింటెండో 64 మూడు కోట్ల ముప్ఫై లక్షల దగ్గర ఆగింది. ఈ లెక్క నిన్ను ఏడిపించడానికి చెప్పట్లేదు. నిజంగా. చిప్పు మీద ఆ రెండు పేర్లూ పక్కపక్కనే చూశాక నాకు గెలిచామన్న సంతోషం రాలేదు. ఏదో దిగులుగా అనిపించింది. కలిసుంటే ఏం చేసేవాళ్ళో కదా అని...

సరే, అది వదిలేయ్. ఫైనల్ ఫాంటసీ ఆటల గొడవ గుర్తుందా? ఆరు భాగాలు మీ ఇంట్లో పుట్టి, ఏడోది 1997 లో మా ఇంటికి, ప్లేస్టేషన్‌కి, వచ్చిందని నువ్వు "ద్రోహులు" అన్నావు. వాళ్ళ తప్పు కాదురా. ఆ ఆట మూడు సీడీలు పట్టింది. ఒక్కో సీడీ సుమారు 650 మెగాబైట్లు. నింటెండో 64 క్యాట్రిడ్జ్‌లలో అన్నిటికన్నా పెద్దది 64 మెగాబైట్లు. ఎక్కడ పడుతుంది? 1991 లో ఆ చెయ్యి వదలకపోతే ఆ ఆట నీ దగ్గరే ఉండేదేమో. క్యాట్రిడ్జ్ పెట్టగానే ఆట మొదలవుతుందని నువ్వనేవాడివి, అది నిజమే, నేను లోడింగ్ తెర చూస్తూ గోళ్ళు కొరుక్కునేవాణ్ణి.

నా కంట్రోలర్ తెచ్చి నీదాని పక్కన పెట్టి చూశాను. కుడివైపు నాలుగు బటన్లు, పైన భుజాల మీద బటన్లు, ఎడమవైపు దిక్కుల మీట. నీదానికి అక్షరాలు, నాదానికి త్రిభుజమూ వృత్తమూ. పట్టుకోవడానికి కింద రెండు కొమ్ములు. అంతే తేడా. అన్నదమ్ముల మొహాలు.

ముళ్ళపంది గాడికి ఇదంతా చెప్పకు, వాడికి పాత గాయం రేగుతుంది. మనమిద్దరం కొట్టుకుంటుంటే నలిగిపోయింది వాడి సెగానే. 1995 మే, లాస్ ఏంజిలిస్‌లో మొదటి ఈ3, ఆటల ప్రదర్శన. సెగా లేచి, సెప్టెంబర్‌లో అన్న మా కొత్త పెట్టె శాటర్న్ ఇవాళే దొరుకుతుంది, 399 డాలర్లు అంది. కొన్ని దుకాణాలకే ఇచ్చారు, మిగతావాళ్ళు మండిపడ్డారు. తర్వాత సోనీ తరఫున స్టీవ్ రేస్ మైకు దగ్గరికొచ్చి ప్లేస్టేషన్ ధర "299" అని ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. హాలంతా చప్పట్లు. 2001 జనవరి 31 న తన తర్వాతి పెట్టె డ్రీమ్‌కాస్ట్ ఆపేస్తున్నామని సెగా చెప్పేసింది. ఆ రోజు ముళ్ళపంది గాడు మన దగ్గర ఏమీ అనలేదు, గుర్తుందా? అదే ఏడాది చివర సెగా ముళ్ళపంది హీరో సోనిక్ నింటెండో చేతి కన్సోల్‌లోకి వచ్చేశాడు. మనవాడు ఆ ఆట కొనుక్కున్నాడు కూడా. మనం ఒక్క మాట అని ఉండాల్సింది వాడితో.

అయ్యో, అసలు సంగతి మర్చిపోతున్నా. రేకు డబ్బా పిన్నులు మకిలి పట్టాయంతే. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, మళ్ళీ గుచ్చి, మూత బిగించకుండానే ఆన్ చేశాను. పాట వచ్చింది! సూపర్ మారియో వరల్డ్‌లో ఆ డైనోసార్ యోషీ మీద ఎక్కగానే పాట కింద డోలు మొదలవుతుంది చూడు, నువ్వు బెంచీ మీద వాయించి సారు చేతిలో దెబ్బలు తిన్న ఆ డోలు, అది కూడా వచ్చింది. దిగాను, ఆగిపోయింది. ఎక్కాను, మోగింది. ఒక అరగంట అదే పని. ఒకేసారి ఎనిమిది గొంతులు పలికే చిప్పు, 64 కిలోబైట్ల జ్ఞాపకం, అంతే దాని ఆస్తి. ఆ కాస్తలో ఒక గొంతు డోలుకి ఇచ్చారు చూడు, అందుకు నేను ఆ రెండు కంపెనీలకీ దణ్ణం పెడతాను.

చిప్పుకి ఫొటో తీశాను, దీంతో పెడుతున్నా. వెనక్కి తిప్పి చూడు, తేదీ వేశాను. ఇంకోటి అడగాలి, ఆ రెండో కంట్రోలర్ వైరు నువ్వు... ఉండు, చెల్లి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది, పోస్టు డబ్బా తీసేస్తారట. వైరు సంగతి వచ్చే ఉత్తరంలో.

నీ గీతల డిస్కు