నాన్నని దగ్గరుండి చూసుకున్న అక్కకి

అక్కా, పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. క్యాన్సర్ ఎముకలకి పాకాక, ఇక ఆస్పత్రి గడప తొక్కనని నాన్న భీష్మించుకున్నారు. అప్పుడొచ్చారు మీరు, రాత్రింబవళ్లు మా ఇంట్లోనే ఉండి ఆయన్ని చూసుకోవడానికి.

వేళకి మాత్ర ఇవ్వడం ఎవరైనా చేస్తారు. మీరు ఒళ్లు తుడవడానికి అరగంట ముందే నొప్పి తగ్గడానికి డాక్టరు రాసిచ్చిన అదనపు మార్ఫిన్ డోసు ఇచ్చి, అది పనిచేశాకే ఆయన మీద చెయ్యి వేసేవారు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పి, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు సర్ది, నడుము దగ్గర ఎర్రబడిందేమోనని టార్చి వేసి మరీ చూసేవారు. మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుందని, డాక్టర్ని అడిగి దానికీ మందు రాయించింది మీరే. (ఇంత అవసరమైన సంగతి మాకు ముందెవరూ చెప్పలేదెందుకో!)

ఆయన మగతలో ఉన్నా, "బాబాయ్, ఇప్పుడు ఎడమ చెంప" అని చెప్పాకే గడ్డం గీసేవారు.

చివర్లో గొంతులో గురగుర మొదలైతే అమ్మ హడలిపోయింది. మింగలేక, దగ్గలేక తడి అక్కడ నిలిచిపోతుందనీ, వినేవాళ్లకున్నంత బాధ ఆయనకి ఉండకపోవచ్చనీ చెప్పి, నాన్నని మెల్లగా పక్కకి ఒత్తిగిలబెట్టి, అమ్మ చేతికి తడి దూది ఇచ్చి పెదాలు తుడవమన్నారు.

జీతం ఇచ్చాం, నిజమే. అంతటితో చెల్లిపోయే బాకీ కాదిది. చాలా చాలా థాంక్స్ అక్కా. అమ్మ మీ ఫోన్ కోసం చూస్తోంది, తీరిక దొరికినప్పుడు చేయండి.