దుకాణం మూసే ముందు డాక్టరుకు ఒక మాట చెప్పండి

తెలంగాణ ఎక్సైజ్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మళ్లీ మేమే. మత్తుమందు కలిపిన కల్లు అమ్మే దుకాణాలు మూయిస్తున్నందుకు ధన్యవాదాలు. మూసిన రెండో రోజు ఊళ్లో ఏం జరుగుతుందో మాత్రం మీ పత్రికా ప్రకటనల్లో ఉండదు, కాబట్టి రాస్తున్నాం.

ఏళ్ల తరబడి కల్లులో కలిపిన అల్ప్రాజోలం అనే మత్తు మందు తాగిన ఒంటికి అది ఉన్నట్టుండి ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కంటికి కునుకుండదు. ఆపైన ఫిట్స్. లేని మనుషులు కనపడతారు, వినపడతారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టిస్తారు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జరిగింది ఇదే. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలను అడగండి, చెబుతారు.

దీనికి వైద్యం లేదా అంటే, ఉంది. అదే జాతి మందు, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డైజోఫాం డాక్టరు కొలిచి ఇచ్చి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. ఫిట్స్ వస్తే వెంటనే సూది వెయ్యాలి. ఆ సూదిమందు ఆ రాత్రి మండలంలో ఉండాలి కదా? దుకాణం మీద మీ శాఖ దాడి రహస్యమాయె, డాక్టరుకెందుకు చెబుతారు!

కల్లులో కలిపే సరుకు సంగతీ చూడండి. మొదట్లో కలిపిన క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందును కట్టడి చేస్తే డైజోఫాం వచ్చింది. దాని మీద పడితే అల్ప్రాజోలం వచ్చింది. క్లోరల్ హైడ్రేట్ మోతాదు అర గ్రాము నుంచి గ్రాము, అంటే కిలోకు మహా అయితే 2,000 మోతాదులు. అల్ప్రాజోలం చిన్న మాత్రలో ఉండేది 0.25 మిల్లీగ్రాములు, కిలో పొడి 40 లక్షల మాత్రలకు సమానం. మూటలు మోసేవాడికి ఇప్పుడు చేతిసంచి చాలు. ఆ పొడిని డ్రమ్ములో కలిపేవాడు త్రాసు పెట్టుకుని కలుపుతాడా? చెయ్యి కాస్త జారితే మోతాదు రెట్టింపు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు పోయాక కూడా ఇది చెప్పాల్సి రావడమే మా ఖర్మ.

చెట్టెక్కి గీసే గౌడన్నను ఆపి ప్రశ్నించడం తేలిక. లైసెన్సులో చెట్లెన్ని, అమ్ముడయ్యే సీసాలెన్ని? చెట్లిచ్చే కల్లుకు మించి అమ్మితే తక్కినది కల్తీయే కదా. ఆ కాగితం మీ శాఖ దగ్గరే ఉంది.

దాడికి ముందు జిల్లా ఆసుపత్రికి ఒక్క ఫోను చేయించండి. పట్టుకున్న కల్లులో ఏ మందు, ఎంత కలిసిందో ఆ వారంలోనే డాక్టర్లకు చెప్పండి. కేసు తేలేదాకా ఫిట్స్ వేచి ఉండవు. మళ్లీ అడుగుతున్నాం, ఒక్క ఫోను.

ఇట్లు,
కల్లు దుకాణం మూతపడ్డ ఊళ్ల తరఫున