బీచ్ రోడ్డుపై రేసు: ముందు మూతల సంగతి చూడండి

సంపాదకులకు,

అయ్యా,

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసులాంటిది మన బీచ్ రోడ్డు మీదా చూడాలని ఆశపడే అభిమానులు విశాఖలో చాలామంది. నాదీ అదే కోరిక. అయితే కొత్త తారు వేసి, రంగులు పూసినంత మాత్రాన రోడ్డు ట్రాక్ అయిపోదు.

అసలు గండం మ్యాన్‌హోల్ మూతల దగ్గరుంది. రేసు కారు అడుగు నేలను దాదాపు రాసుకుంటూ పోతుంది. వేగం పెరిగేకొద్దీ దాని కింద గాలి పీడనం పడిపోయి మూతను పైకి లాగుతుంది. 2023 నవంబరులో ఫార్ములా వన్ రేసు సందర్భంగా లాస్ వేగాస్‌లో ఒక వాటర్ వాల్వ్ మూత చుట్టూ కాంక్రీటు విరిగి, డ్రైవర్ కార్లోస్ సైంజ్ నడుపుతున్న ఫెరారీ కారు అడుగుభాగం దెబ్బతింది. మొదటి ప్రాక్టీసు పది నిమిషాలైనా సాగలేదు. కాబట్టి మూతకు వెల్డింగ్ పెట్టేస్తే సరిపోదు. కింద కాంక్రీటు గుల్లయితే ఫ్రేముతో సహా లేచిపోతుంది. పాతది తవ్వి, కొత్తది పోసి, గట్టిపడ్డాకే వెల్డింగ్ చేయాలి. మామూలు కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజులు లెక్క. వారం ముందు మొదలుపెట్టే పని కాదిది.

మనకు ఇసుక ఇంకో చిక్కు. సముద్రపు గాలికి మలుపుల్లో చేరే సన్న ఇసుక మీద టైరు పట్టు తప్పుతుంది. ప్రతి సెషన్‌కూ ముందు వాక్యూమ్ స్వీపర్ తిరగాల్సిందే. జీబ్రా గీతల పెయింటు తడిస్తే జారుడు, గీకి తీసేయాలి. ట్రాక్ పక్కన గోడలా పేర్చే కాంక్రీటు దిమ్మెల అతుకుల్లో ఒక్క అంచు ముందుకు పొడుచుకొచ్చినా, తగిలిన కారు గోడ వెంట జారకుండా ఉన్నచోటే ఆగిపోతుంది. ఆ దెబ్బంతా డ్రైవరు ఒంటికే.

కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు అంబులెన్సులు వెళ్లే దారి, పెద జాలరిపేట వాళ్లు వలలూ చేపలూ తీసుకెళ్లే దారి ముందు మ్యాపులో గుర్తించాలి. ట్రాక్ గీత ఆ తర్వాతే గీయాలి.

– ఒక ట్రాక్ మార్షల్, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం