అల్యూమినియం పనిలో కటర్లు ఎందుకు విరుగుతున్నాయి?

సంపాదకులకు నమస్కారం.

మడికొండలోని ఒక చిన్న వర్క్‌షాపులో 14 ఏళ్లుగా సీఎన్‌సీ మిల్లింగ్ (కంప్యూటర్ నడిపే యంత్రంలో తిరిగే కటరుతో లోహాన్ని కోసే పని) చేస్తున్నాను. ఐటీఐ పూర్తిచేసి వచ్చిన పిల్లలు అల్యూమినియం పని చేతికిచ్చిన మొదటి వారంలోనే రెండు మూడు ఎండ్‌మిల్లులు (మిల్లింగ్ కటర్లు) విరగ్గొట్టి, తప్పంతా టూలు కంపెనీ మీదికి తోసేయడం ఏటా చూస్తున్నదే.

మొన్న ఒక అబ్బాయి 6 మిల్లీమీటర్ల, రెండు ఫ్లూట్ల (చిప్స్, అంటే కోసిన లోహపు తునకలు, బయటికి వచ్చే గాడుల) కటరుతో 8000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద పాకెట్ (లోహంలో గుంట) తీస్తున్నాడు. కటరును నిటారుగా దించడం వల్ల, అడుగున చేరిన చిప్స్‌ను ఊదకపోవడం వల్ల మొదటిది విరిగింది. అతను అది గమనించక, భయపడి ఫీడును (కటరు లోహంలోకి ముందుకు సాగే వేగాన్ని) నిమిషానికి 600 నుంచి 200 మిల్లీమీటర్లకు తగ్గించాడు. రెండోది ఇంకా త్వరగా విరిగింది. లెక్క వేస్తే ఒక్కో పంటికి (ఫ్లూటుకు ఒకటి చొప్పున ఉండే కోత అంచుకు) అందినది 0.0125 మిల్లీమీటర్లే; అంత పలుచని పొరను అంచు సరిగా కోయలేక రుద్దుతుంది, ఆ రాపిడి వేడికి మెత్తబడిన అల్యూమినియం అంచుకు అతుక్కుని ఫ్లూటును పూడ్చేస్తుంది, చిప్స్‌కు బయటపడే దారి ఉండదు. విరిగిన ముక్కను అతని అరచేతిలో పెట్టాను. ఫ్లూటు నిండా తెల్లగా మెరిసే లోహం, గోటితో గీకినా ఊడలేదు. మళ్లీ 600కే పెట్టి, కటరును వాలుగా దించి, గాలి గొట్టం పాకెట్ వైపు తిప్పితే అదే రకం కటరు సాయంత్రం దాకా నిలిచింది.

యజమానుల తప్పూ ఉంది. ఉక్కు కోసం కొన్న నాలుగు ఫ్లూట్ల కటర్లనే అల్యూమినియానికీ వాడమంటారు; వాటి ఫ్లూట్లలో చోటు తక్కువ, పైగా అల్యూమినియం కలిసిన కోటింగ్ ఉంటే లోహం దానికి మరింత అంటుకుంటుంది. కోలెట్ (కటరును పట్టి ఉంచే బిగింపు) బయట కటరు పొడవు రెట్టింపైతే అదే బలానికి ఎనిమిది రెట్లు వంగుతుందన్న సంగతి కూడా చాలామంది పట్టించుకోరు.

మా దగ్గరికి వచ్చే పిల్లలను అడిగితే, శిక్షణలో కోసినదంతా మైల్డ్ స్టీలేనని చెబుతున్నారు. 2023 జులైలో శంకుస్థాపన జరిగిన కాజీపేట రైల్వే తయారీ యూనిట్ మీద జిల్లా యువత ఆశలు పెట్టుకున్న ఈ సమయంలో, ఐటీఐలలో కనీసం రెండు రోజులైనా అల్యూమినియం తుక్కు ముక్కల మీద సాధన చేయించాలని అధికారులను కోరుతున్నాను. చూపించడానికి విరిగిన కటర్లు కావాలంటే మా షాపులో డబ్బా నిండా ఉన్నాయి, ఉచితంగానే ఇస్తాం.

– ఒక వీఎంసీ (నిలువు సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రం) ఆపరేటర్, హనుమకొండ