డిష్‌వాషర్‌కు ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు

సంపాదకులకు,

వంటింట్లో మిక్సీ ప్లగ్గు పెట్టే 6 ఆంపియర్ల సాకెట్‌కే కన్వర్టరో (పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్‌లో పట్టించేది) ఎక్స్‌టెన్షన్ బోర్డో తగిలించి డిష్‌వాషర్ నడిపేస్తున్నారు. ఇది చాలా ప్రమాదం. నీళ్లు కాగేటప్పుడు ఈ మిషన్ దాదాపు 2000 వాట్లు, అంటే 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంత కరెంటుకు సన్నటి వైరు, వదులు ప్లగ్గు వేడెక్కి కరిగిపోతాయి.

మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, 16 ఆంపియర్ల సాకెట్, ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగే స్విచ్) పెట్టించండి. ఎంసీబీ ఒక్కటే చాలదు. అది వైరును కాపాడుతుంది తప్ప మనిషిని కాదు. షాక్ నుంచి కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్. ఎర్త్ వైరు లేని పాత ఇళ్లలో కొందరు న్యూట్రల్‌నే (కరెంటు తిరిగి వెళ్లే వైరునే) ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే మిషన్ ఒళ్లంతా కరెంటే! అలా చేస్తామంటే దయచేసి ఒప్పుకోకండి.

సాకెట్ మిషన్ వెనక కాకుండా పక్క అరలో, చేతికందేలా ఉండాలి. అప్పుడు నీటి గొట్టం బిగింపు కారినా తడి నేరుగా ప్లగ్గు మీద పడదు. డ్రెయిన్ గొట్టాన్ని సింకు అడుగు దాకా ఎత్తి వంచి కలపాలి, లేదంటే మురికినీరు వెనక్కి వస్తుంది.

— గృహ విద్యుత్ పనివారు, హైదరాబాద్