చిన్నా, ఆంప్ అక్కడే కొనుక్కో

కొలంబస్, ఒహాయో

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. వచ్చేటప్పుడు నీ గిటార్‌కి ట్విన్ రివర్బ్ ఆంప్, అదే గిటార్ సౌండ్ పెంచే ఆ పెద్ద ట్యూబ్ ఆంప్లిఫయర్, తెమ్మన్నావు. ఒరేయ్, అది దాదాపు 29 కిలోలు, నా సూట్‌కేసుకి ఇచ్చేదే 23. బరువు సంగతి పక్కన పెట్టినా ఇక్కడ కరెంటు 120 వోల్టులు, మన వైజాగ్‌లో 230. ఇక్కడ అమ్మేవాటిలో చాలావాటి వెనక 120 అనే రాసి ఉంటుంది, దాన్ని తెచ్చి మన ప్లగ్గులో పెడితే ఫ్యూజు పోతుంది, ఖర్మ కాలితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కూడా. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చులే, కానీ అదింకో బరువు, ఇంకో ఖర్చు.

అయినా 85 వాట్లు ఫ్లాటులో ఏం చేసుకుంటావు? వాట్లు పదింతలైతే చెవికి సుమారు రెండింతలే వినిపిస్తుంది, అంటే 8 వాట్లది కూడా దాదాపు దానికి సగం గోల చేస్తుంది, ఎదురింటివాళ్లు వచ్చి తలుపు కొట్టడానికి అది చాలు. పైగా ట్యూబ్ ఆంప్ మజా సౌండ్ పెంచితేనే తెలుస్తుంది, నువ్వేమో అందరూ పడుకున్నాక వాయిస్తానంటున్నావు. అందుకే ముందు హెడ్‌ఫోన్ సాకెట్ ఉందో లేదో చూడు, మిగతావన్నీ తర్వాత.

నన్నడిగితే బాస్ (Boss) కంపెనీ ఆంప్ కాటానా మినీ. 7 వాట్లు, ఆరు పెన్సిల్ సెల్స్ మీద కూడా నడుస్తుంది, కరెంటు పోయినా ప్రాక్టీస్ ఆగదు. కాస్త పెద్ద స్పీకర్ కావాలంటే ఫెండర్ మస్టాంగ్ ఎల్‌టీ 25 ఉంది, 8 అంగుళాల స్పీకర్, సౌండ్‌ని రకరకాలుగా మార్చే ఎఫెక్టులన్నీ లోపలే ఉంటాయి. బానే ఉంటుంది కానీ నీ సంగతి నాకు తెలుసుగా, కార్డ్స్ (chords) నేర్చుకోవడం మానేసి ఆ ఎఫెక్టులు తిప్పుకుంటూ కూర్చుంటావు. ఎఫెక్టుల కోసం కాలితో నొక్కే పెడల్స్ మాట ఇప్పుడే ఎత్తకు.

ఇంకోటి, గిటార్ తగిలించగానే గుయ్‌మంటే ఆంప్ పాడైందని షాపుకి పరిగెత్తకు. నీ గిటార్‌వి సింగిల్ కాయిల్ పికప్స్, అంటే తీగల అదురుని పట్టే ఒంటి తీగచుట్టలు, చుట్టుపక్కల కరెంటు రొదనంతా లాగేస్తాయి. ఫ్యాన్ రెగ్యులేటర్ ఆపి చూడు, ట్యూబ్‌లైటుకి దూరంగా కూర్చో, అటూ ఇటూ తిరిగి చూడు, ఏదో ఒక వైపు తగ్గుతుంది. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడు.

చిన్నచిన్నవి నేను తెస్తాను. 9-42 సైజు సన్న స్ట్రింగ్స్ మూడు సెట్లు, కొత్త వేళ్లకి అవే సుఖం, సముద్రపు గాలికి తుప్పు కూడా త్వరగా పడతాయి కాబట్టి వాయించాక పొడిబట్టతో తుడువు. క్లిప్ ట్యూనర్ ఒకటి, అది గిటార్ తల అదురు పట్టుకుని చూపిస్తుంది కాబట్టి ఫోన్ యాప్‌లా ఫ్యాన్ చప్పుడుకి తికమకపడదు. తీగలు మీటడానికి 0.73 మి.మీ. పిక్స్ కొన్ని, పది అడుగుల కేబుల్ ఒకటి. ఈలోగా అక్కడ కేబుల్ కొంటే స్పీకర్ కేబుల్ అంటగట్టనీయకు, పిన్ను అదే కానీ లోపల రొదని ఆపే షీల్డ్ ఉండదు, రొద ఎక్కువవుతుంది. స్టాండు, బెల్టు అక్కడే తీసుకో.

రేటు కనుక్కుని నాన్నకి చెప్పేముందు నాకు ఫోన్ చెయ్యి, సగం నేను వేస్తాను. గిటార్ సాకెట్ ఫోటో కూడా పంపు, స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) గిటార్‌లా గుంటలో ఉంటే తిన్నటి పిన్నున్న కేబులే పడుతుంది, చూసి శనివారం కేబుల్ ఆర్డర్ పెట్టేస్తాను.

అక్క