లిన్‌వుడ్‌లో ఉన్న అక్కగారికి, ఇంకా కొందరికి

మా అమ్మాయి అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని లిన్‌వుడ్‌లో కాలేజీలో చేరి నిన్నటికి తొమ్మిది రోజులు. రాత్రి అన్నం మాడిందని ఫోటో పంపింది. గిన్నె అడుగున నల్లగా అంటుకున్న ఆ అన్నం చూశాకే నాకు నిద్ర పట్టింది. ఏప్రిల్ నుంచి మా ఇంట్లో ఎవరమూ సరిగా పడుకోలేదు. వాళ్ళ గడియారానికీ మన గడియారానికీ ఇప్పుడు పన్నెండున్నర గంటల తేడా. అక్కడ కాలేజీ ఆఫీసు తొమ్మిదింటికి తెరిస్తే గుంటూరులో రాత్రి తొమ్మిదిన్నర, వాళ్ళు అయిదింటికి తాళం వేస్తే మాకు పాలవాడు వచ్చే వేళ. ఈ ఒళ్ళు నొప్పులు తగ్గేదాకా ఆగితే పనుల్లో పడి, సాయం చేసిన ఎవరికీ కృతజ్ఞతలు చెప్పకుండానే ఊరుకుంటాను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. మాటలు అటూ ఇటూ అయితే మన్నించండి.

మా సంగతి తెలియనివారికి నాలుగు మాటలు. అమ్మాయి 2007లో న్యూజెర్సీలో పుట్టింది. 2011లో మామగారికి పక్షవాతం రావడంతో మేము గుంటూరు వచ్చేశాం, ఇక తిరిగి వెళ్ళలేదు. పిల్ల చేతిలో గద్ద బొమ్మ ఉన్న పాస్‌పోర్టు మాత్రం మిగిలింది. ఆ పాస్‌పోర్టు చూసి చుట్టాలంతా ఇన్నేళ్ళూ ఒకటే పాట: “మీకేమమ్మా, అమెరికా పౌరురాలు, చదువు ఊరికే వస్తుంది.” ఆ మాట అన్నవాళ్ళందరినీ ఒక్క రాత్రి నా పక్కన కూర్చోబెట్టి ఫీజుల పట్టికలు చదివించాలని ఉంది.

అక్కడి ప్రభుత్వ కాలేజీలు ఫీజు వేసేటప్పుడు ఏ దేశం అని చూసి ఊరుకోవు, ఏ రాష్ట్రం అని అడుగుతాయి. తల్లిదండ్రుల మీద ఆధారపడిన పిల్లకు తల్లిదండ్రులు ఎక్కడుంటే అదే రాష్ట్రం. మేము ఉండేది ఆంధ్రప్రదేశ్‌లో. కాబట్టి యాభై రాష్ట్రాల్లోనూ మా పిల్ల బయటి మనిషే, పుట్టిన న్యూజెర్సీతో సహా. పోనీ ఇక్కడే ఇంజనీరింగ్ చదివిద్దామని వెళితే ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్ళకు ఇచ్చేది) చూసి ఎన్నారై సీట్లు అటు అని వేలు చూపించారు. గుంటూరులో మున్సిపల్ కుళాయి నీళ్ళు తాగి పెరిగిన పిల్ల ఎన్నారై!

పెద్ద విశ్వవిద్యాలయాల మాట అనుకోవడానికే లేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బయటి రాష్ట్రం విద్యార్థికి ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 40,000 డాలర్ల పైమాట. అందుకని మొదటి రెండేళ్ళు కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ళ డిగ్రీ ఇచ్చే ప్రభుత్వ కాలేజీలో చదివి, తర్వాత విశ్వవిద్యాలయానికి మారడం మేలని తేల్చుకున్నాం. అక్కడ మొదలైంది అసలు గందరగోళం. కాలిఫోర్నియాలో ఉన్న మా పిన్ని కూతురు “ఇక్కడ యూనిట్‌కు 46 డాలర్లే అక్కా, కళ్ళు మూసుకుని పంపించు” అంది. యూనిట్ అంటే అక్కడ కోర్సులను కొలిచే లెక్క. ఆ 46 అక్కడివాళ్ళకు. బయటివాళ్ళకు దాని మీద యూనిట్‌కు మరో 300 పైచిలుకు వేసే కాలేజీలు చాలా ఉన్నాయి. టెక్సాస్‌లో జిల్లా లోపలివాళ్ళకు ఒక ధర, జిల్లా బయటివాళ్ళకు ఒక ధర, రాష్ట్రం బయటివాళ్ళకు ఇంకో ధర. న్యూజెర్సీలోనైతే పక్క కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్ళకే ఫీజు మారిపోతుంది. మధ్యలో ఒక కాలేజీవారు, ఏ రాష్ట్రమో చెప్పను, మా చిరునామా గుంటూరు అని చూసి పిల్లను విదేశీ విద్యార్థుల వరుసలో వేశారు. వీసా పత్రాలు పంపమన్నారు. పౌరురాలికి వీసా ఎందుకుంటుందని రాస్తే, మీ సందేహం అందింది, ముందుగా వీసా పత్రాలు పంపండి అని జవాబు. ఇలా అయిదు సార్లు. ఆరోసారి నేనే రాయడం మానేశాను.

అప్పుడు దొరికింది అక్కగారి నంబరు. మా ఆడపడుచుతో పనిచేసే ఒకావిడకు లిన్‌వుడ్ దగ్గరి బోథెల్ గుడిలో పరిచయమైన ఎవరో ఇచ్చారట. అంటే ఆవిడకు మేము ఏమీ కాము. పేరు రాయవద్దని ఒట్టు వేయించుకున్నారు కాబట్టి అక్కగారు అనే రాస్తాను. పాలకొల్లు వైపు మనిషి. లిన్‌వుడ్‌లో నలుగురైదుగురు వృద్ధులను ఒక ఇంట్లో ఉంచి చూసుకునే చోట రాత్రి పని. నేను మొదటిసారి ఫోన్ చేసినప్పుడు అప్పుడే డ్యూటీ దిగి వచ్చారు. ఆ సంగతి నాకు మూడు వారాల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం గంటసేపు నా గోడంతా విని ఒకే ప్రశ్న అడిగారు.

“చెల్లెమ్మా, పట్టికలో మధ్య వరుస చూశావా?”

నేను చూడలేదు. స్థానికులు, విదేశీయులు అని రెండే వరుసలు ఉంటాయనుకుని, మా పిల్ల ఏ వరుసలోనూ లేదని తల పట్టుకున్నాను. వాషింగ్టన్ రాష్ట్రపు కమ్యూనిటీ కాలేజీల్లో మధ్యలో ఇంకో వరుస ఉంటుంది: బయటి రాష్ట్రం నుంచి వచ్చిన అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు. ఫీజులో కొంత భాగం మాఫీ చేస్తారు. స్థానికుల ఫీజు కన్నా కొంచెం ఎక్కువ, విదేశీ విద్యార్థుల ఫీజు కన్నా చాలా తక్కువ. అక్కగారి అబ్బాయి అలాంటి కాలేజీలోనే చదివాడట, అందుకే ఆవిడకు తెలుసు. మావంటి తిరిగొచ్చిన కుటుంబాలవారు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ మధ్య వరుస వెతకండి. మాకు ఎవరూ చెప్పలేదు. అలా ఎడ్మండ్స్ కాలేజీ ఖాయమైంది. పేరు ఎడ్మండ్స్ గానీ కాలేజీ ఉన్నది లిన్‌వుడ్‌లో, అక్కగారి ఊళ్ళోనే.

తర్వాత గది. కాలేజీవాళ్ళకు హాస్టల్ గదులు ఉన్నాయి, శుభ్రంగా ఉంటాయట, మా లెక్కకు అందలేదు. ఇంటర్నెట్‌లో కాలేజీ పక్కనే నెలకు 650 డాలర్లకు గది కనిపించింది. కిటికీలోంచి దేవదారు చెట్టు, తెల్లటి దుప్పటి. యజమాని మర్యాదస్తుడు, ఉద్యోగం మీద వేరే రాష్ట్రంలో ఉన్నానని, అడ్వాన్సు, మొదటి నెల అద్దె కలిపి 1,300 పంపితే తాళం చెవి పోస్టులో పంపుతానని రాశాడు. మావారు శనివారం డబ్బు పంపడానికి సిద్ధమయ్యారు. శుక్రవారం మాటల్లో అక్కగారికి చెప్పాను. ఆవిడ గొంతు మారింది. “రేపు నేను చూసేదాకా పైసా కదపవద్దు.”

మర్నాడు వెళ్ళి తలుపు కొట్టారు. ఒక ముసలాయన తీశాడు. ఆ ఇల్లు ఆయనదే, గదులేవీ అద్దెకు ఇవ్వడం లేదు, తన ఇంటి ఫోటోలు ఎవరో ఎత్తుకుపోయి పెట్టారని అంతకుముందు వచ్చినవాళ్ళ వల్లే తెలిసిందట. “మీరు మూడో మనిషి” అన్నాడట పాపం, టీ కూడా ఇవ్వబోయాడట. ఆ 1,300 మాకు చిన్న మొత్తం కాదు. కానీ నేను రాయాలనుకున్నది ఆ డబ్బు గురించి కాదు.

రెండు వారాలకు ఆవిడే ఇంకో గది చూశారు. 164వ వీధి వైపు, రిటైరైన దంపతుల ఇంట్లో, కరెంటుతో కలిపి 850. నాకు చెప్పే ముందు ఆవిడ ఒక పని చేశారు. ఉదయం డ్యూటీ దిగి, ఇంటికి వెళ్ళకుండా ఆ గదికి వెళ్ళి, అక్కడి నుంచి నడిచి, బస్సెక్కి కాలేజీకి వెళ్ళి చూశారు. 2024లో మొదలైన స్విఫ్ట్ ఆరెంజ్ లైను బస్సు అది, కాలేజీ దగ్గరే ఆఖరి స్టాపు. మళ్ళీ ఇంకో రోజు చీకటి పడ్డాక కాలేజీ నుంచి గదికి. ఆవిడకు కారు ఉంది. మా పిల్లకు ఉండదు కాబట్టి బస్సులో వెళ్ళారు. సరుకుల బిల్లు వెనక రాసి ఫోటో పంపారు. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

“పొద్దున 7.05 ఇంటి దగ్గర. స్టాపుకు 9 నిమిషాలు. బస్సు పది నిమిషాలకొకటి. కాలేజీ 7.50. ఎనిమిది క్లాసు అందుతుంది, వాన పడితే ఒక బస్సు ముందు ఎక్కాలి. రాత్రి: రెండు దీపాలు వెలగడం లేదు. తెల్ల ఇల్లు దాటాక ఫుట్‌పాత్ లేదు, అవతలి పక్క నడవమనాలి. కుక్క ఉంది. కట్టేసి ఉంది. నవంబరు నుంచి నాలుగున్నరకే చీకటి. టార్చి.”

బిల్లు ముందు వైపు కూడా ఫోటో తీసి పంపారు, ఎందుకో తెలియదు. పాలు, క్యాబేజీ, బ్రెడ్డు, మోకాళ్ళకు రాసుకునే మందు.

ఏ ఫీజు చూసినా, ఏ ఆఫీసు తిప్పినా నేను ఏడవలేదు. కోపం వచ్చింది, ఏడుపు రాలేదు. “కట్టేసి ఉంది” అన్న చోట ఏడ్చాను. వంటింట్లో స్టౌ మీద పప్పు పొంగిపోతున్నా లేవలేకపోయాను. నేను వెళ్ళి చూడవలసిన వీధి అది. నాకు విజిటర్ వీసా స్లాటు దొరకలేదు, పిల్ల రెండు సూట్‌కేసులతో ఒంటరిగా వెళ్ళింది. తల్లి చూడవలసినవన్నీ ఎవరో చూశారు, మోకాళ్ళ నొప్పితో, రాత్రంతా ఇతరుల పెద్దవాళ్ళకు పక్కలు మార్చి వచ్చి. ఎందుకు ఇంత చేశారు అక్కగారూ అని అడిగితే, “ఆ వేళ నాకు వేరే పని లేదు” అన్నారు. అంతకన్నా ఒక్క మాట పొడిగించలేదు. చీర పంపుతానంటే కోప్పడ్డారు. మాగాయ అయితే సరే అన్నారు.

సహాయం గురించి రాస్తూ ఈ విషయం రాయకూడదేమో, కానీ రాయకుండా ఉండలేను. అమెరికా ప్రభుత్వ ఆర్థిక సహాయానికి ఫాఫ్సా అనే దరఖాస్తు ఉంది. పౌరులకు హక్కు. తల్లిదండ్రులు వేరే దేశస్థులైనా పరవాలేదు. మావారికి ఉద్యోగం చేసిన రోజుల సోషల్ సెక్యూరిటీ నంబరు (మన ఆధార్ లాంటిది) ఉంది, నాకు ఎప్పుడూ లేదు. భార్యాభర్తలు కలిపి పన్ను రిటర్ను వేస్తే ఒకరి సంతకం చాలట. మన దేశంలో అలా కలిపి వేసే పద్ధతే లేదు కాబట్టి ఇద్దరమూ ఆ దరఖాస్తు వెబ్‌సైటులో ఖాతాలు తెరవాలి. నా గుర్తింపును ధ్రువీకరించలేకపోయామని కంప్యూటర్ తేల్చింది. పాస్‌పోర్టు కాపీలు పంపాను, వారాలు గడిచాయి, మళ్ళీ అదే మాట. సరిగ్గా అప్పుడే అత్తగారు టీ ఏదమ్మా అని కేకేశారు, అంటే నేను ఉన్నట్టే అనుకుని లేచి వెళ్ళాను. చివరికి ఆగస్టులో తేలింది. మా రూపాయల సంపాదన డాలర్లలోకి మారితే ఎంత అవుతుంది, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ఇచ్చే, తిరిగి కట్టనక్కరలేని పెల్ గ్రాంట్ పూర్తిగా వచ్చింది, ఏడాదికి 7,395 డాలర్లు. దాన్ని తప్పు పట్టను, ఆ డబ్బే లేకపోతే పిల్ల విమానం ఎక్కేది కాదు. కానీ అయిదు నెలలు ఆఫీసుల్లో ఎవరూ చెప్పని ఆ మధ్య వరుస సంగతి, రాత్రి డ్యూటీ చేసే మనిషి చెప్తేనే తెలియడం ఏమి ఏర్పాటో నాకు అర్థం కాదు. ఈ కథ ఇంతటితో అయిపోలేదు కూడా. 90 క్రెడిట్లతో (ఇవీ యూనిట్ల లాంటి లెక్కే) రెండేళ్ళ డిగ్రీ పూర్తి చేస్తే ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మూడో ఏడాదిలో చేరే ఒప్పందం ఉంది, మంచిదే. అప్పుడు మళ్ళీ అడుగుతారు, మీది ఏ రాష్ట్రం అని. అక్కడే రెండేళ్ళు ఉన్నానంటే చాలదు, ఖర్చు ఎవరు పెడుతున్నారని అడుగుతారు. దాని సంగతి అప్పుడు చూసుకోవాలి.

మావారు, అన్నయ్య, ఆడపడుచు చేసినవి ఇంట్లో లెక్క, ఇక్కడ రాస్తే వాళ్ళే నవ్వుతారు. మా అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయి, విడిపిస్తాం.

కాలేజీ కౌంటరులో ఉండే ఒక అమ్మాయి, బహుశా తనూ విద్యార్థే, మా పిల్ల పేరు తప్పు వరుసలో పడితే ఒక్క ఫోనుతో సరిచేసింది. ఆమె పేరు అడగలేదు, అడగవలసింది. బ్రాడీపేటలో జిరాక్స్ షాపు అబ్బాయి రాత్రి పదకొండింటికి షట్టరు ఎత్తి ఇంటర్ మార్కుల జాబితా స్కాన్ చేసిచ్చాడు, ఇరవై రూపాయలే తీసుకున్నాడు. దోహాలో విమానం మారేటప్పుడు ఛార్జర్ ఇచ్చిన మలయాళీ నర్సమ్మకు కూడా కృతజ్ఞతలు. అయ్యో, మా పై వాటా మాస్టారిని మరిచాను, గన్నవరం దాకా కారులో దింపింది ఆయనే, పెట్రోలు డబ్బులు కూడా ఇంకా ఇవ్వలేదు. పాత సూట్‌కేసు అరలోంచి పిల్ల సోషల్ సెక్యూరిటీ కార్డు వెతికి తీసిన పనిమనిషి మంగమ్మకు ప్రత్యేకంగా.

ఇది రాసి అమ్మాయికి చదివి వినిపించాను. బస్సుకు డబ్బు కట్టడం లేదని కూడా రాయమంది, ఆ రాష్ట్రంలో పద్దెనిమిదేళ్ళు నిండినా పందొమ్మిది వచ్చేదాకా ఉచితమే. ఇంకొకటి చెప్పింది. వెలగని రెండు వీధి దీపాల్లో ఒకటి మొన్నటి నుంచి వెలుగుతోందట. ఎవరు ఫిర్యాదు చేశారో ఇంటివాళ్ళకూ తెలియదు. అక్కగారిని అడిగితే, నన్ను అడుగుతావేమిటి అన్నారు.